మీది ఉంచాలా, మాది వెయ్యాలా

ఎంటర్. మళ్లీ ఎంటర్. పొద్దుట్నుంచీ సుకుమారి వేలు ఆ ఒక్క మీట మీదే ఎగిరెగిరి పడుతోంది. నీలం తెర ఏదో అడుగుతుంది, ఆమె చదవకుండానే ఎంటర్ కొడుతుంది, సీడీ గిర్రున తిరుగుతుంది. "అడిగినప్పుడల్లా ఎంటర్ కొట్టుకుంటూ పోమ్మా, అదే ఎక్కుతది" అని సిటీ ఆఫీసు ఇంజినీరు ఫోన్లో చెప్పాడు. ఎంత సుఖమైన మాట! సుకుమారికి బుద్ధెరిగినప్పటి నుంచీ అలవాటైన పద్ధతే.

టైపు నేర్చుకొమ్మన్నది నాన్న. పెళ్లి కుదిర్చింది పాస్టరుగారు. బొల్లారంలోని ఈ మందుల ఫ్యాక్టరీలో తెచ్చి కూర్చోబెట్టింది అన్న. ఎవరేమడిగినా ఆమె నోట ఒకటే మాట: "మీ ఇష్టం." గాజుల కొట్టువాడు ఏ రంగమ్మా అంటే వాడికీ అదే జవాబు! బక్కపలచని మనిషి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, ఎప్పుడూ భుజాలు దగ్గరికి ముడుచుకునే కూర్చుంటుంది. డిస్పాచ్ గదిలో బీరువా పక్కన ఇంకో బీరువా అన్నట్టే ఉండేది, పాపం.

వైరస్ పట్టి పాత సిస్టమ్ చచ్చిపోతే ఆఫీసువాళ్లు లైనక్స్ అనే ఈ కొత్త సిస్టమ్ సీడీలు పంపారు. "సాయంత్రం లారీకి సరుకు స్లిప్పు రాకపోతే కంప్యూటర్ సిటీకి పోతది, నువ్వు ప్యాకింగ్‌కు పోతవ్" అన్నాడు మేనేజరు బాలప్ప. కోపంగా కాదు, వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా. ప్యాకింగ్ అంటే పొడి. ఆ పొడి తగిలితే సుకుమారికి పిల్లికూతలే. ఒకసారి అక్కడ పనిచేసి ఆస్పత్రిలో పడింది కూడా.

భోజనాలయ్యాక ఆఖరి సీడీ తప్ప సిస్టమంతా ఎక్కింది. దేవుణ్ణి తలుచుకొని ఒక స్లిప్పు కొట్టి చూసింది. ప్రింటరు గరగరమని నాలుగు లైన్లు అచ్చేసి, ఆగకుండా ఖాళీ స్లిప్పులు కక్కడం మొదలుపెట్టింది.

"ఆగవే, ఆగు!"

కిటికీలోంచి లారీ డ్రైవరు జంగయ్య తొంగి చూశాడు. "ఏందక్కా, లారీకి తోరణాలు కడుతున్నవా?"

సంగతేమిటంటే, కంప్యూటర్ తనంతట తానే మామూలు పెద్ద కాగితం అనుకుంది. ఈ స్లిప్పులేమో పొట్టివి, ఒకదానికొకటి అతుక్కొని వస్తాయి. ఒకటి అచ్చేశాక పెద్ద కాగితమంత పొడవునూ తోసేస్తోంది. ఇంజినీరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సుకుమారి ప్రింటరును నడిపే ప్యాకేజీని మళ్లీ ఎక్కించింది. ఈసారి మిషన్ స్కూలు ఇంగ్లీషు కూడబలుక్కుంటూ, తెర మీద వేలు పెట్టి చదివింది. రెండు వరుసలున్నాయి: ఆటోమేటిక్, మాన్యువల్. వెలుగు ఆటోమేటిక్ మీదే దర్జాగా కూర్చుంది. వేలు ఎంటర్ దాకా పోయి ఆగింది. కిందికి బాణం నొక్కేసింది.

కాగితం పొడవెంత అని అడిగింది. స్కేలుతో స్లిప్పు మీది నల్లగీతల డబ్బాను కొలిచి అంకె కొట్టింది. మొదటి స్లిప్పు బాగానే వచ్చింది. రెండోదానిలో అక్షరాలు పైకి జరిగాయి. మూడోదానిలో లారీ నెంబరు కంపెనీ పేరు నెత్తినెక్కింది! ఏడవాల్సిన సుకుమారికి నవ్వొచ్చింది. తప్పే, కానీ తను చేసిన తప్పు!

"గీత కాడికి కొలిచిన చూడు! చింపే కాన్నుంచి చింపే కాడికి గదా కొలవాలె!" అని తన నెత్తిన తానే మొట్టుకుంది.

మళ్లీ కొలిచింది, మళ్లీ కొట్టింది. వరసగా మూడు స్లిప్పులు, అక్షరాలన్నీ గీతల మధ్య బుద్ధిగా కూర్చున్నాయి. ఇక ఆఖరి సీడీ మిగిలింది. అది సగం ఎక్కి టక్కున నిలబడింది. ప్రింటరు ఫైలును మీరు మార్చారు, మీది ఉంచాలా, మాది వెయ్యాలా అని ఇంగ్లీషులో అడుగుతోంది. సుకుమారి కళ్లద్దాలు పైకి తోసుకొని మళ్లీ చదివింది. ఇన్నేళ్లలో ఒక్క మనిషి 'నీదే ఉంచాలా' అని అడిగిన పాపాన పోలేదు, చివరికి ఒక డబ్బా అడుగుతోంది!

"నాదే ఉంచు!" అని పైకే అనేసి మీట నొక్కింది.

పొద్దు వాలకముందే లారీ గేటు దాటింది. బాలప్ప స్లిప్పును అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయాడు.

"శభాష్! ఇగ నువ్వు ఈడనే ఉండు, నిన్నెవ్వరు కదిలియ్యరు. కడమ యూనిట్లల్ల ఇది ఎక్కియ్యనీకి ఆఫీసోళ్లు మనిషిని అడుగుతుండ్రు, ఎవన్నో ఒకన్ని పంపుత తియ్."

ఆమె నోరు అలవాటుగా "మీ..." దాకా పోయింది. అక్కడే ఆగింది.

"నేను పోత సార్."

"నువ్వా?" బాలప్ప ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "మరి ఇంట్ల అడుగుతవా?"

"చెప్త సార్."

సోమవారం ఆమె కంపెనీ బస్సెక్కలేదు. పటాన్‌చెరులో సిటీ బస్సెక్కి మిగతా యూనిట్ల పని మీద వెళ్లిపోయింది. సన్మానం లేదు, సమోసాలు లేవు. సగంమందికి తెలియను కూడా తెలియదు.

మధ్యాహ్నం లోడు నింపుకొని వచ్చిన జంగయ్య, డిస్పాచ్ గది బయట, ఫ్యాక్టరీలో తిరగడానికి ఆమె ఎప్పుడూ అక్కడే ఉంచే చెప్పులు చూసి, "అక్కా, స్లిప్పు!" అని ఎప్పటిలాగే కేకేశాడు. లోపలి నుంచి ఎవరిదో మగగొంతు "వస్తున్నా" అంది. గడప పక్కన, మడమల దగ్గర అరిగిన ఆ నీలం హవాయి చెప్పులు ఇంకా గది వైపే తిరిగి ఉన్నాయి.