నడిమిట్ల ఎకరం

మాసయ్య నెత్తిన గడ్డిమోపు, బొడ్లో ఇత్తడి గంట. కాలి కింద గట్టు పార వెడల్పే. ఒకప్పుడు ఇది బండిబాట. కాలువ నీళ్లొచ్చి చుట్టూ వరి మొదలైనప్పటి నుంచి పక్క రైతులు ఏటికొక పార చెక్కుకుంటూ పోయారు. ఇప్పుడు ఆయన పాదానికే చోటు; నీడ వరిలో నడవాల్సిందే.

గంటను తెల్లారే చింతపండుతో తోమాడు. ఇవాళ కోతలు. ఎద్దు ఇంటికొస్తుంది.

నాలుగు నెలల కిందట మధ్యలో ఉన్న తన ఎకరం జొన్నలో కలుపుకు గుంటుక తోలి, రేపూ పనుంది కదా అని ఆ ఒక్క రాత్రికి ఎద్దును చేలోనే కట్టేసి పోయాడు. మర్నాడు వచ్చేసరికి చుట్టూ ట్రాక్టర్లు దున్నేశాయి, నీళ్లు నిండాయి. ఎద్దు అడుగేస్తే పొట్టలోతు బురద.

"కోతలదాంక ఆడనే ఉండనీ మామా. దానికేమన్న ఆఫీసుందా?" అన్నాడు పక్కచేను తిరుపతి.

అప్పటి నుంచి మాసయ్యే ఎద్దుకు బండి అయ్యాడు. గడ్డి, తౌడు, అన్నీ నెత్తి మీదే.

జొన్న పండిందంటే పండింది. నాలుగూళ్ల పిట్టలకు అదొక్కటే హోటలు. ఆయనకు దక్కింది నెలరోజుల జొన్న గట్క. ఆ తర్వాత రేషను బియ్యమే.

"మా నాయిన కాలంల జొన్నల ఒంటె జొరబడితె మూడు దినాలు దొరకలె, ఎర్కేనా?" అంటూ ఎద్దు వీపు నిమిరాడు. పక్కటెముకలు దువ్వెన పళ్లలా తగిలాయి. మేకు చుట్టూ తిరిగి తిరిగి నేల గుండ్రంగా అరిగిపోయింది.

మధ్యాహ్నం మిషను వరి కోసింది. బాట తేలింది.

"జల్ది తోల్కపో మామా! ఎల్లుండి మళ్ల నీళ్లిడుస్తరు," తిరుపతి కేకేశాడు.

"ఇడువుండ్రి అల్లుడా. పడవన్న కొంట గని, దీన్నిట్ల మళ్ల ఇడిసిపెట్ట."

మాసయ్య ఎద్దు మెడలో గంట కట్టి పలుపు విప్పాడు. ఎద్దు నడిచింది. పలుపు పొడవు అయిపోయే చోట ఆగి, పక్కకు తిరిగి, మళ్లీ మేకు చుట్టూ నడిచింది. లాగాడు, తిట్టాడు, తోక మెలిపెట్టాడు.

"బాటున్నదే, జర సూడు!"

ఎద్దు ఇంకో చుట్టు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకుంది. మాసయ్య పక్కనే కూర్చున్నాడు. పొద్దు గుంకుతుంటే లేపబోయాడు. ఊపిరి లేదు.

తిరుపతి పార తెచ్చాడు. ఇద్దరూ అక్కడే పూడ్చారు.

మూడోనాటికి చుట్టూ నీళ్లు నిండాయి. గట్టు మీద మోపు మోసే మనిషి లేడు. నడిమిట్ల ఎకరంలో, మేకుకు తగిలించిన గంట మీద చింతపండు తోముడు మెరుపు ఇంకా తగ్గలేదు.