ముప్పై ఒక్క నిమిషాల పాట

ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, ముందుగదిలో ముగ్గురు మగాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చుంటారు. తపస్సనుకునేరు! ఒకే పాటని నాలుగు కచేరీల్లోంచి విని, ఏ రోజుది గొప్పదో తేల్చడం వాళ్ళ పని. ఆ ఇంటి కోడలు కాపురానికొచ్చిన ఈ మూడేళ్ళలో ఒక్కసారైనా తేలిందా అంటే, లేదు.

ఆ వాయించే గుంపు కూడా అలాంటిదే. పాట మొదలెట్టడమే వాళ్ళ చేతిలో ఉంటుంది, ఆపడం ఉండదు. ఒకరోజు పదకొండు నిమిషాలు, ఇంకోరోజు ముప్పై ఒకటి. ఏ రోజు వాయించింది ఆ రోజుదే, మళ్ళీ అలా వాయించమన్నా రాదు. అందుకని ప్రతి కచేరీలోనూ ఎవరో ఒకరు జనం మధ్య మైకు పట్టుకుని రికార్డు చేస్తారు, వీళ్ళు వాటిని పోగేస్తారు. ఆమె మొగుడి దగ్గర నాలుగువందల పైచిలుకున్నాయి. పిల్లకి ఏ టీకా ఎప్పుడు వేయించామో చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాడు.

ఆ రోజు తగువు వానరోజు కచేరీకీ, కరెంటు పోయినరోజు కచేరీకీ మధ్య.

"వానరోజుది పద్నాలుగో నిమిషం దగ్గర వినండి మాష్టారూ. గిటారు డ్రమ్ముని ఎలా తోసుకుంటూ పోతుందో!" అన్నాడు మొగుడు.

"తోసుకోవడం కాదయ్యా, వాడు తప్పిపోయాడు. దారి తెలీక తిరుగుతున్నాడు." లెక్కల మాష్టారు ట్యూషన్లు చెప్పుకునే మనిషి. కచేరీలకి పదికి ఇన్నని మార్కులేసి నోటుబుక్కులో రాసుకుంటాడు. "ఏడున్నర. అరమార్కు కూడా ఎక్కువివ్వను."

"కరెంటు పోయినా ఆపకుండా వాయించినదానికి మీరిచ్చింది ఎనిమిదేగా!" మరిది గొంతు లేచింది. "మీరు దిద్దే పేపర్లు కూడా ఇంతేనా మాష్టారూ?"

తలలో పేలు చూసినట్టు పాటలో పేలు చూస్తున్నారు అనుకుంది ఆమె, లోపలిగది గుమ్మంలో నిలబడి. చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయిందని ఇన్నాళ్ళూ లోలోపల సిగ్గుపడేది. వీళ్ళ ఆదివారాలు చూశాక ఆ సిగ్గు కాస్తా పోయింది.

నిలబడింది గుమ్మంలోనే గానీ, ఆమె చెవులు వెనకాల మంచం మీదున్నాయి. పదినెలల బుజ్జిది నిద్రపోతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా సన్నటి ఈల. పదిరోజులుగా ఇదే వరస. మెలకువగా ఉంటే ఉండదు, డాక్టరు గదిలోకెళ్తే అసలుండదు. మూడుసార్లు తీసుకెళ్ళింది. మూడుసార్లూ ఆయన గొట్టం ఆనించి, "శుభ్రంగా ఉందమ్మా. మొదటి కాన్పు కదూ? నీకు భయమెక్కువ," అని నవ్వాడు. ఫోనులో రికార్డు చేసి వినిపిస్తే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఫ్యాను ఆపితే పిల్ల లేచి కూర్చుంటుంది. ఇవాళ డాక్టరు అయిదింటికి వస్తాడు. ఈసారి ఆయనకి ఆ ఈల వినిపించి తీరాలి.

"ఏమండీ, మీ రికార్డరు ఒక్క పది నిమిషాలివ్వండి. బుజ్జిదాని ఊపిరి రికార్డు చేసుకుంటాను."

"పిచ్చా నీకు? అది కచేరీ మైకు. పిల్ల చొంగ కారిస్తే ఎవడు బాగుచేస్తాడు? డాక్టరు ఏం లేదన్నాడుగా!"

"తల్లుల చెవులు కాస్త అతిగా పనిచేస్తాయిలే చెల్లెమ్మా," అన్నాడు మాష్టారు. అంటూనే పాటని వెనక్కి తిప్పాడు. జనంలో ఎవడో దగ్గాడు. ఆ దగ్గు రెండో వరసలోదా, నాలుగో వరసలోదా అని ముగ్గురూ మూడుసార్లు విన్నారు.

ఆమె వానరోజు పాట మొదట్నించీ పెట్టేదాకా ఆగింది. ముప్పై ఒక్క నిమిషాలు. ఇల్లంటుకున్నా వీళ్ళు లేవరు. వాళ్ళ తలల మీదుగా చెయ్యి చాపి అలమరలోంచి రికార్డరు తీసింది. ఒక్కడి కన్నూ తెరుచుకోలేదు. మొగుడు ఎర్రబొత్తాం నొక్కడం వందసార్లు చూసింది కాబట్టి నేర్చుకోవలసిందేమీ లేదు. లోపలిగది తలుపు మూసి, పిల్ల మూతికి జానెడు దూరంలో పెట్టి, తన ఊపిరి బిగబట్టి, పన్నెండు నిమిషాలు కూర్చుంది.

అవతల పాట ముగిసేసరికి పిల్ల లేచింది. రికార్డరు బల్లమీద పెట్టి, పిల్లకి గౌను మార్చడానికి అటు తిరిగిందో లేదో, మొగుడొచ్చి పట్టుకుపోయాడు. అది అలమరలోంచి ఇక్కడికెలా వచ్చిందని కూడా అడగలేదు.

"ఇవన్నీ కాదు, నేను స్వయంగా రికార్డు చేసింది వినండి," అంటూ స్పీకర్లకి తగిలించి మీట నొక్కాడు.

గదినిండా ఊపిరి. లోపలికి పొట్టిగా, బయటికి సాగదీస్తూ, చివర ఈల.

"ఇదెప్పటిదయ్యా? ఎత్తుగడ బావుందే," అన్నాడు మాష్టారు కళ్ళు మూసుకునే. "జనం గోల బొత్తిగా లేదు."

"మైకెవరిదనుకున్నారు?" మొగుడు కాలరెగరేశాడు. "చోటు చూసి పెట్టడంలోనే ఉందండీ అంతా."

"పిల్లనగ్రోవిలా ఉందేంట్రా అన్నయ్యా?" అన్నాడు మరిది.

మాష్టారు వేళ్ళు మడిచాడు. "లోపలికి ఒకటి, బయటికి మూడు. వెళ్ళేటప్పుడే ఎక్కడో ఇరుక్కుంటోంది. తొమ్మిది ఇవ్వచ్చు."

ఆమె పిల్లని భుజాన వేసుకుని బయటికొచ్చింది. "అది మీ మేనకోడలి ఊపిరి మాష్టారూ. తొమ్మిదే వేశారేం? పది వేసుకోండి."

మాష్టారు నోటుబుక్కు మూసేశాడు. మొగుడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆమె తీగ పీకి రికార్డరు సంచిలో పడేసుకుంది, చెవులకి పెట్టుకునేది కూడా. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వీధిలో వెనకాలే పడ్డాడు.

"ఇంతుందని నాకు చెప్పొద్దూ?"

"చెప్పాను."

డాక్టరు ఆమెని చూడగానే నవ్వబోయాడు. ఆమె కూర్చోకుండానే చెవులకి పెట్టుకునేది ఆయన చేతిలో పెట్టింది. "లోపలికి ఒకటి, బయటికి మూడుంది. వినండి."

అరనిమిషం విన్నాడో లేదో నవ్వు జారిపోయింది. "పిల్లికూతలు," అన్నాడు. "ముందే తేవలసిందమ్మా."

"మూడుసార్లు తెచ్చాను. మీరు గొట్టం పెట్టారు గానీ చెవి పెట్టలేదు."

ఆయన కాగితాలు సర్దుకుని నర్సుని పిలిచాడు. ఆవిరి మిషను తెచ్చారు, చిన్న మాస్కు తెచ్చారు. కాసేపు గింజుకుని పిల్ల మాస్కు కిందే నిద్రపోయింది. ఇంత స్పష్టంగా దేంతో రికార్డు చేశారని డాక్టరడిగితే, గుమ్మంలోంచి మొగుడు గొంతు సవరించుకున్నాడు. ఆమె ఒక చూపు చూసింది. అతను చెప్పబోయింది అలాగే మింగేశాడు.

మిషనులో పోసిన మందు అయిపోయింది. "ఇంక ఇంటికెళ్ళచ్చు," అన్నాడు డాక్టరు.

ఆమె పిల్ల వీపుకి చెవి ఆనించింది. "ఇంకా ఉందండీ."

ఈసారి ఆయన నవ్వలేదు. వంగి గొట్టం ఆనించి, ఊపిరి తరవాత ఊపిరి, చాలాసేపు విన్నాడు.

"ఉంది," అని నర్సు వైపు తిరిగాడు. "ఇంకోసారి పెట్టండి."