ఆట సూది

...ఈ కుర్చీ చేసిందే పిల్లల కోసం, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, నలభై దాటాక ఇదేం కూర్చోవడం అనుకుంటూ ఆమె కాళ్లు పక్కకి మడుచుకుంది, అద్దం వైపు చూడకూడదు, అవతలివాళ్లకి మాత్రమే కనబడే ఆ అద్దం వెనక పరీక్షించే ఊపిరి మేడం ఉంది, శిక్షణకి వచ్చినవాళ్లంతా ఆవిడకి పెట్టుకున్న పేరది, ఎవరేం అడిగినా ముందు ఊపిరి తీసుకోండి అంటుంది, టీ ఎక్కడ దొరుకుతుందండీ అని ఒకాయన అడిగినా అదే మాట, నవ్వు రాబోయి ఆగిపోయింది, ఇవాళ పరీక్ష, ఆటతో పిల్లల మనసుకి వైద్యం చేయడం తనకి వచ్చో రాదో ఈ గదిలో తేలిపోతుంది, పోయినసారి తప్పింది, ఇంకోసారి తప్పితే ఇక రానివ్వరు, పిల్లల వార్డులో నర్సు ఉద్యోగం వదులుకుని మరీ వచ్చింది, ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను గానీ దాటకముందే తగలేసుకున్నదాన్ని నిన్నే చూస్తున్నా అన్నాడు అన్నయ్య, అయినా ఆడుకోవడానికి కూడా ట్రైనింగేంటే, మా పిల్లలు ఏ ట్రైనింగూ లేకుండానే ఇల్లు పీకి పందిరేస్తున్నారు, అని వదిన వైపు తిరిగి నవ్వాడు, వదిన నవ్వలేదు, అదే పదివేలు.

పాప ఇంకా బొమ్మల అర దగ్గరే నిలబడి ఉంది, ఐదేళ్లుంటాయేమో, చాలాకాలం ఆసుపత్రిలో ఉండి వచ్చింది, ఇప్పుడు సూది వేసినా కిక్కురుమనదండీ, అంత ధైర్యం వచ్చేసింది అని వాళ్లమ్మ బయట వరండాలో చెప్పింది, గొప్పగానే చెప్పింది, చెబుతున్నంతసేపూ చేతిసంచి పట్టీ మెలిపెడుతూనే ఉంది, ధైర్యం కాదమ్మా, కొయ్యబారిపోవడం అది, భయం మితిమీరితే మెదడు అరవడం, పారిపోవడం రెండూ మానేసి ఒంటిని కొయ్య చేసి పడేస్తుందని మొదటి పాఠంలోనే చెప్పారు, అది వింటుంటే ఎన్ని చేతులు గుర్తొచ్చాయో, కదలకుండా ఉంటే ఎంత మంచి పిల్లో అని తను మెచ్చుకున్న చేతులు, అదిగో పాప కదిలింది, వంటసామాన్లు వదిలేసింది, ఏనుగుని వదిలేసింది, ప్లాస్టిక్ సిరంజి తీసుకుంది, అన్ని బొమ్మలుండగా అదే దొరకాలా.

చెయ్యి చాపు, అంది పాప, అడిగినట్టు లేదు, ఆజ్ఞ వేసినట్టుంది, ఆమె చాపింది, పాప ఆమె జబ్బ మీద దూదితో తుడిచినట్టు వేలితో రుద్ది, తల కాస్త పక్కకి వంచి, గొంతు తీయగా చేసుకుని, ఏం కాదు బంగారం, చీమ కుట్టినట్టుంటుంది అంతే, అంది, ఆమెకి ఒళ్లు జల్లుమంది, ఆ తల వంపు తనది, ఆ తీపి తనది, ఈ పాపని ఎన్నడూ చూడలేదు, వేరే ఆసుపత్రి, వేరే నర్సు, అయినా తన గొంతే, అందరం ఒకటే గొంతు పెట్టుకుని తిరుగుతున్నాం కాబోలు, మొన గట్టిగానే గుచ్చుకుంది, అబ్బే నొప్పే లేదు డాక్టరుగారూ అని నోటిదాకా వచ్చింది, మింగేసింది, పోయినసారి అన్నది ఇదే, అప్పుడాడిన పిల్ల మళ్లీ పొడిచింది, ఇంకా గట్టిగా పొడిచింది, తనేమో నవ్వుతూ లేదు లేదు అంటూనే ఉంది, మీ నోరు ఒకటి చెబుతోంది, ముఖం ఇంకోటి చెబుతోంది, పిల్లల మెదడుకి ఆ తేడానే ప్రమాదంలా కనబడుతుంది, తన బాధ మీకు తెలిసేదాకా పొడుస్తూనే ఉంటుంది మరి, అంది తర్వాత ఊపిరి మేడం, కోప్పడలేదు, కాస్త జాలిగానే అంది, అందుకే ఇంకా మండింది.

పాప రెండోసారి సూది ఎత్తింది, ముఖంలో ఏమీ లేదు, కదిలావంటే సూది లోపలే విరిగిపోతుంది, అంది అదే తీయటి గొంతుతో, ఆమె గుండె నిజంగానే గుభేలుమంది, ఆటలో ఇంత భయమేంటి, ఇది నాదా, పాపదా, ఎవరిదైతేనేం, భయం గదిలోకి వచ్చి కూర్చుంది, ఆమె ఊపిరి తీసుకుంది, పైకి వినబడేలా వదిలింది, నాకు భయంగా ఉంది, అంది, పాప ఆగింది, ఆమె ఇంకా చెప్పింది, నొప్పి ఉండదన్నారు, కానీ నొప్పెడుతోంది, చెబితే ఎవరూ నమ్మట్లేదు, ఈ మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఏ పాఠంలోనూ లేవు, చెయ్యి వణకడం మొదలైంది, వార్డులో అన్నేళ్లలో ఒక్కనాడూ వణకని చెయ్యి, బంగారు చెయ్యమ్మా నీది అని పెద్ద డాక్టరు నరం దొరకని పిల్లలందరినీ తన దగ్గరికే పంపేవాడు, పాప ఆ వణుకునే చూస్తోంది, సూది కింద పెట్టలేదు, పొడవనూ లేదు, మోకాలికి మోకాలు ఆనేంత దగ్గరగా జరిగి, చాలా నొప్పా, అని అడిగింది, ఈసారి తీపి లేదు, పాప సొంత గొంతు, కాస్త బొంగురుగా ఉంది, చాలా, అంది ఆమె, నాక్కూడా, అంది పాప, కింది పెదవి అదిరింది, అదురుతూనే ఉంది, ఏడుపు మొదట చప్పుడు లేకుండా వచ్చింది, తర్వాత గదంతా నిండింది, బయట వరండాలో కుర్చీ కీచుమంది, వాళ్లమ్మ లేచినట్టుంది.

ఊరుకో అనలేదు ఆమె, పరీక్ష కోసమని కాదు, ఆ మాట రాలేదు, అద్దం వెనక మేడం ఏమనుకుంటోందో అన్న ధ్యాస పక్కింటి రేడియోలా ఎక్కడో వినబడుతూనే ఉంది, కానీ పాప తన చేతిని పట్టుకుని ఏడుస్తోంది, ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది, దాన్నే చూస్తోంది ఆమె, చీమ కుట్టినట్టుంటుందని అన్నేళ్లు చెప్పిన ఆ అబద్ధాన్ని వార్డులో ఏ పిల్లయినా నమ్మిందా, ఒక్కళ్లూ నమ్మలేదు, సూది దిగకముందే వాళ్ల కళ్లకి తెలుసు, మరి ఆ తీయటి గొంతు ఎవర్ని జోకొట్టినట్టు, పసిపిల్ల ఒంట్లోకి ఇనుము దించమంటే మనిషి చెయ్యి ఊరికే ఒప్పుకుంటుందా, ఎవరో ఒకరు దానికి నచ్చజెప్పాలి, చెప్పింది పిల్లల చెవిలోనే, విన్నది మాత్రం తన చెయ్యి.