చేతులకు ఆర్డరు

ఎనభై మూడులో ఇంటింటికీ టీవీలు దిగుతుంటే, వాటి లోపల వాడే చిన్న చిన్న ట్రాన్సిస్టర్ల గిరాకీ అంతా ఇంతా కాదు. విశాఖపట్నంలో చిన్న ఫ్యాక్టరీ పెట్టుకున్న గురునాథరావు ఉబ్బితబ్బిబ్బై, తీగలు అతికే కొత్త మిషన్ కోసం విదేశానికి ఆర్డరిచ్చాడు. అది మన పోర్టులో దిగేసరికి రెండేళ్లు పట్టింది. ఈలోగా బయటినుంచి చవక సరుకు వచ్చిపడి బజారు కాస్తా చచ్చి ఊరుకుంది.

మిషన్ షెడ్డు చేరిన రోజునే ఆయన కాసులమ్మని పిలిచాడు. మైక్రోస్కోపుల ముందు కూర్చుని వెంట్రుక కన్నా సన్నని తీగలు అతికే ఆడపిల్లలందరికీ ఆవిడే పెద్ద. జాలరిపేట మనిషి. గొంతు విప్పిందంటే అవతల రోడ్డు మీద బస్సు ఆగాల్సిందే.

"పిల్లల్ని ఇళ్లకి పంపెయ్యమ్మా. గిరాకీ వచ్చాక పిలుద్దాం," అన్నాడు నేలచూపులు చూస్తూ.

కాసులమ్మకి ఒళ్లు మండిపోయింది. ఒక్కొక్కరికీ వేలు పట్టి పని నేర్పింది మరి!

"బావుంది బాబూ వరస! మిషన్‌కి ఆర్డరిత్తే రెండేళ్లకి వచ్చింది. రేపు గిరాకీ లేసిందనుకో, ఈ సేతులకి ఎక్కడ ఆర్డరిత్తావు? ఏ ఓడలో దిగుతాయి? ఈ పిల్లలు రొయ్యల కంపెనీకి పోయి రొయ్యలు ఒలుసుకుంతారు. ఆ వేళ్లు మళ్లీ తీగ పట్టుకుంతాయేటి?"

"జీతాలు ఎక్కణ్ణుంచి తేను?"

"సగం రోజే పని పెట్టు. సగం జీతమే ఇయ్యి, నాకూ అంతే. ఒక్క పిల్లని తీసినా నాను గేటు దాటి పోతాను."

గురునాథరావు గొణిగాడు, విసుక్కున్నాడు, చివరికి తలూపాడు.

అబ్బో, గడ్డుకాలమే అది! సాయంత్రాలు కొందరు తల్లులతో కలిసి చేపలు అమ్మారు. పగలు మాత్రం కాసులమ్మ కొత్త మిషన్ మీద, పనికిరాని ట్రాన్సిస్టర్ ముక్కలకి వాళ్ల చేత తీగలు అతికించి అతికించి ప్రాణం తీసింది. తిట్టింది, టీ పోయించింది, మళ్లీ తిట్టింది. ఒక్కరూ మానలేదు.

ఎనభై ఏడులో గిరాకీ మళ్లీ విరుచుకుపడింది. తక్కిన ఫ్యాక్టరీలన్నీ మిషన్ల కోసం పరుగులు పెడుతుంటే, ఇక్కడ సరుకు లారీ ఎక్కిపోతోంది. ఓ నాడు హైదరాబాదు నుంచి పెద్ద కంపెనీ ఆయన కారు దిగి, షెడ్డంతా చూసి, గురునాథరావు చెయ్యి పట్టుకున్నాడు.

"మా మిషన్ రావడానికి ఇంకా ఏడాదిన్నర పడుతుందండీ. మీ మిషనూ, దాని మీద పనిచేసే పిల్లల్నీ మాకిచ్చెయ్యండి. అడిగినంత ఇస్తాం."

గురునాథరావు ఛాతీ విరుచుకున్నాడు. "మిషన్ కావాలంటే పట్టుకుపోండి సార్. పిల్లల్ని మాత్రం అడక్కండి."

పక్కనే నిలబడ్డ కాసులమ్మ గుండె గర్వంతో పొంగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చూస్తే, పిల్లలందరూ పని మానేసి తనకేసే చూస్తున్నారు.

"నా మొకంలో ఏటి సూత్తన్నారే? తీగ సూడండి, తీగ!" అని కసిరి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.