వదలడం నేర్చుకున్న తెల్ల గంజి

నేను ఒక సీసాలో ఉన్న తెల్లటి గంజిని. చూసినవాళ్లు అలాగే అంటారు గానీ, నేను నీళ్లలో కలిసివున్న అల్యూమినియం రేణువులను. బురద నీళ్లను తేర్చే పటిక ఉంది చూశారా, దానికి క్షారం కలిపి నన్ను పుట్టించారు. పటిక గుణం నాకూ వచ్చింది. అందినదాన్ని పట్టుకుంటాను.

టీకాలో నా పని అదే. రోగక్రిమి నుంచి తీసిన చిన్న ప్రొటీన్ ముక్కను పట్టుకుని ఒంట్లోకి మోసుకెళ్లాలి. దాన్ని చూసి ఒళ్లు ముందుగానే పోరాటం నేర్చుకుంటుంది.

హైదరాబాదులోని ఒక పరిశోధనశాలలో నేను నాగవేణి చేతికి వచ్చాను. పెడనలో కలంకారీ అద్దకం వాళ్లమ్మాయి. ఆ ఇంట్లో కాలేజీకి వెళ్లినవాళ్లలో ఆమే మొదలు. పటిక అద్దిన చోట రంగు గుడ్డను పట్టుకుని నిలవడం చిన్నప్పటి నుంచీ చూసింది. రంగు వదిలే గుడ్డంటే ఆ ఇంట్లో తలవంపు.

నన్నూ ఆ లెక్కనే చూసింది. ప్రొటీన్‌ను నాలో కలిపి, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి, నేను అడుక్కి దిగాక పైనున్న తేటను పరీక్షించింది. తేటలో ప్రొటీన్ జాడ లేదు. ఉప్పునీళ్లతో కడిగినా నేను వదల్లేదు. ఆమె మురిసిపోయింది. గట్టిగా పట్టుకునేవాళ్లంటే మనుషులకు భలే గౌరవం. నేనూ ఆ మెప్పుకు పడిపోయాను.

చిట్టెలుకలకు సూదులు వేశారు. కొన్ని వారాల తర్వాత వాటి రక్తం పరీక్షించారు. టీకా పనిచేస్తే పరీక్ష పలకలోని గుంటల్లో పసుపు రంగు రావాలి. గుంటలు నీళ్లలాగే ఉండిపోయాయి.

“ఏమ్మా, ఎలుకలకి గంజి పోసి పంపించావా?” అన్నారు ఆమె పై అధికారి ఎలీషా గారు. తర్వాత గొంతు తగ్గించి, “ఇంకొక్కసారే అవకాశం. అప్పుడూ ఇంతే అయితే ఈ టీకా పక్కన పెట్టేస్తారు” అన్నారు.

ఆ సాయంత్రం నాగవేణి నా పక్కనే కూర్చుని వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది.

“పట్టింది వదల్లేదంటున్నావు గదమ్మా. మరి బాధేంటి?”

“ఇది గుడ్డ కాదు నాన్నా. ఒంట్లోకెళ్లాక వదలాలి...” అని ఆగిపోయింది. “నాన్నా, మళ్లీ చేస్తా. ఉంటా.”

మర్నాడు ప్రొటీన్ కంటే ముందు నాలో కాస్త ఫాస్ఫేట్ అనే లవణం కలిపింది. అది నా పట్టులో కొంత చోటు ఆక్రమించింది. మొదట ఎక్కువైంది, సీసాలోనే ప్రొటీన్ జారి తేటలోకి వచ్చేసింది. తగ్గించింది. మళ్లీ జారింది. ఇంకా తగ్గించింది. విసుక్కోలేదు. చివరికి సీసాలో పట్టు నిలిచింది, ఒంటి ద్రవం లాంటిది పోస్తే సడలింది. నాకు రెండో పని కూడా ఉందని అప్పుడే తెలిసింది.

నాలో కొంత మళ్లీ ఎలుకల్లోకి వెళ్లింది. ఈసారి గుంటలు పసుపెక్కాయి. ఎలీషా గారు పలకను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. “కానివ్వు, ముందుకెళ్దాం” అన్నారు.

ఆమె ఫోన్ తీసింది. “రంగొచ్చింది నాన్నా.”

“ఉతికితే పోదు గదా?”

ఆమె నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

మిగిలిన నన్ను సీసాతో సహా వ్యర్థాల పసుపు సంచిలో వేశారు. రేపు ఆవిరి పెట్టి పారేస్తారు. నా రేణువుల మీద ఇంకా కొన్ని ప్రొటీన్ ముక్కలున్నాయి. వాటితో ఇక ఎవరికీ పనిలేదు. అయినా సీసాలో ఉన్నంతవరకు పట్టుకోవడమే నా పని. పట్టుకునే ఉన్నాను.