వెనక సీటులో సంచులు

సెలవు రోజు పొద్దున్నే ప్రయాణానికి తయారవుతున్న ఇల్లు చూడముచ్చటగా ఉంటుంది. ఒకరు అద్దం ముందు, ఒకరు గుమ్మంలో, ఒకరు కారు చుట్టూ. అందరి ముఖాల్లోనూ ఒకటే వెలుగు. మనం చెప్పుకోబోయే ఇంట్లోనూ ఆ రోజు అంతే. వంటింట్లో మాత్రం సెలవు జాడ ఎక్కడా లేదు. అక్కడ మామూలు రోజుకన్నా రెట్టింపు పని జరుగుతోంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. గమనించాల్సిన విషయమని కూడా ఎవరికీ తోచలేదు.

ఆ ఇంటాయన ఫొటో స్టూడియో నడుపుతాడు. "గడ్డం కొంచెం దించండి, భుజం ఇటు తిప్పండి, ఆ చొక్కా రంగు ఈ తెరకి నప్పదు" అని ఊళ్ళో సగం మందికి చెప్పి ఉంటాడు. ఆయనతో పాటు తల్లి, భార్య, కాలేజీలో చదివే కూతురు ప్రయాణమయ్యారు. పిలవకుండానే మేనమామ కూడా సిద్ధమయ్యాడు. ఈ మేనమామ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని, ఆయన ఉద్యోగాన్ని వదల్లేదు. ఏ బండి ఎక్కినా మనుషుల్ని లెక్కపెట్టి, రేకు మీద రెండు దెబ్బలు కొట్టి "రైట్ రైట్" అంటే తప్ప ఆయనకి ప్రయాణం చేసినట్టుండదు.

నిజానికి ఈ ప్రయాణం కోరిక ఇల్లాలిది. ఊరికి దూరంగా, పల్లెల మధ్య, పాత బౌద్ధాలయాలు ఉన్నాయి. సరస్సు ఒడ్డున ఒకటి, కొండ గుహలో మరొకటి. గుహలో ఒక పక్కకి ఒత్తిగిలి పడుకున్న బుద్ధుడు ఉన్నాడట. ఇంకాస్త ముందుకి వెళితే జలపాతం. "ఒక్కసారి చూడాలండీ" అని ఆవిడ చాలాకాలంగా అంటోంది. ఇన్నాళ్ళకి ఆయనకి వీలు చిక్కింది.

వీలు ఆయనకి చిక్కింది కాబట్టి, సామాను ఆవిడ సర్దింది. రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, పళ్ళు, టీ ఫ్లాస్కు, వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, అత్తగారి మాత్రలు, కూతురికి ఫొటోల కోసం ఒక టోపీ, ఆ టోపీ నచ్చకపోతే ఇంకో టోపీ. చివర్లో మేనమామ వచ్చి ఉన్ని టోపీ కూడా పెట్టమన్నాడు.

"చలికాలం కాదు కదా మామయ్యగారూ" అంది ఆవిడ.

"కొండ తల్లీ, కొండ. కొండకి కాలాలతో పనేముంది?"

కారులో మూడు వరసల సీట్లు. ముందు బండి నడుపుతూ ఇంటాయన, పక్కన మేనమామ. మధ్యలో తల్లి, మనవరాలు. వెనక వరసలో సంచులు. వాటి మధ్య ఎక్కడో ఇల్లాలు. అద్దంలోంచి చూస్తే ఆవిడ నుదురు మాత్రం కనిపిస్తుంది, అదీ గతుకులు వచ్చినప్పుడు.

సరస్సు దగ్గర గుడి చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. నీళ్ళలో గోపురం నీడ కదలకుండా నిలబడి ఉంది. చెప్పులు మెట్ల కింద విడవాలి.

"కొత్త బూట్లు. ఎవరైనా వేసుకుపోతే?" అన్నాడు ఇంటాయన.

"నేను చూస్తుంటాలెండి" అంది ఆవిడ. అనకపోయినా ఆ పని ఆవిడదే.

"మేం రాగానే నువ్వెళ్ళు."

లోపల మేనమామ "ఇక్కడ అందరూ నిశ్శబ్దం పాటించాలి" అని అరిచిన అరుపుకి, ధ్యానంలో ఉన్నవాళ్ళు కళ్ళు తెరిచారు. మనవాళ్ళు బయటికి వచ్చాక తల్లికి ఆకలేసింది. ఆకలేసిందంటే డబ్బాలు విప్పాలి. విప్పినవి వడ్డించాలి. ఖాళీ అయ్యాక కడగాలి. ఈలోగా కూతురు సరస్సును ఫొటో తీస్తూ, "అమ్మా, కాస్త పక్కకి జరుగు, సంచులు పడుతున్నాయి" అంది. ఆవిడ జరిగింది. డబ్బాలు కడిగి వచ్చేసరికి బయలుదేరే వేళయింది.

"నేనింకా చూడలేదండీ."

"అయ్యో, అవును కదా" అన్నాడు ఇంటాయన. నిజంగానే నొచ్చుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు.

"బుద్ధుడు ఎక్కడైనా బుద్ధుడేనమ్మా. గుహలో చూద్దువుగాని" అన్నాడు మేనమామ. రేకు మీద దెబ్బలు పడ్డాయి. కారు కదిలింది.

గుహాలయం దగ్గరా అదే వరస. మెట్లు నిటారుగా ఉన్నాయి. తల్లి చేతికర్ర ఊతంతో, మెట్టు మెట్టుకీ మోకాళ్ళ చరిత్ర చెబుతూ ఎక్కింది. ఇల్లాలు కింద చెప్పులకీ సంచులకీ కాపలా. పైనుంచి అందరూ దిగేసరికి ఆకాశం మబ్బు పట్టింది.

"వాన వచ్చేలా ఉంది. జలపాతం చూడాలంటే ఇప్పుడే కదలాలి" అని ఇంటాయన తొందరపెట్టాడు. ఇల్లాలు ఒక్కసారి మెట్ల వైపు చూసి, సంచులు కారులో సర్దింది. అత్తగారిని ఎక్కిస్తూ చూస్తే ఆవిడ చేతిలో కర్ర లేదు.

"అత్తయ్యా, కర్ర పైన మరిచిపోయారు. నేను తెచ్చేస్తాను, ఆగండి."

ఈ మాట ఆవిడ అందరికీ వినపడేలాగే చెప్పింది. కాని కూతురి చెవుల్లో పాటలు మోగుతున్నాయి. ఇంటాయన తను తీసిన ఫొటోలు చూసుకుంటున్నాడు. తల్లి తమ్ముడికి మోకాళ్ళ గురించి చెబుతోంది, తమ్ముడు అక్కకి బ్రేకుల గురించి చెబుతున్నాడు. ఇల్లాలు గబగబా మెట్లెక్కి మలుపు తిరిగింది. మేనమామ అలవాటు కొద్దీ తల తిప్పి అందరినీ లెక్కచూశాడు. వెనక సీటులో సంచులు నిండుగా ఉన్నాయి. రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్ రైట్."

కొంత దూరం పోయాక ఇంటాయనకి టీ తాగాలనిపించింది.

"ఇదిగో, ఫ్లాస్కు ఇలా అందించు."

జవాబు లేదు.

"నిద్రపోయిందేమో, పాపం" అంది తల్లి. కాసేపాగి ఆవిడే, "అమ్మాయీ, ఆ పసుపుపచ్చ మాత్ర ఒకటి ఇస్తావా?" అంది. దానికీ జవాబు లేదు.

"కోపం వచ్చినట్టుందిరా" అన్నాడు మేనమామ గొంతు తగ్గించి. "గుడి చూడలేదు కదా. ఏదో ఒకటి చెప్పు. మీ అత్తతో నాకు అలవాటే. ముందు తప్పు ఒప్పేసుకో, ఏం తప్పో తరవాత కనుక్కోవచ్చు."

ఇంటాయన గొంతు సవరించుకుని అద్దంలోకి చూస్తూ మొదలుపెట్టాడు. "సరే, ఇవాళ నాదే పొరపాటు. నువ్వూ చూడాల్సింది. వచ్చే నెల మళ్ళీ వద్దాం. ఇంకా మొన్న మీ చెల్లెలు వచ్చినప్పుడు నేనన్న మాట కూడా అనాల్సింది కాదు." దారి పొడుగునా ఆయన తన తప్పులన్నీ వరసగా ఒప్పుకుంటూ పోయాడు. కొన్ని ఆయన తల్లికి కూడా తెలియనివి. పెద్ద సంచీ ఆ మాటలన్నీ మౌనంగా విన్నది.

చివరికి కూతురు ఛార్జరు కోసం వెనక్కి వంగింది.

"నాన్నా, అమ్మ లేదు."

"లేకపోవడమేంటి?"

"లేదంటే లేదు నాన్నా. సంచులే ఉన్నాయి."

కారు రోడ్డు పక్కన ఆగిపోయింది. ఇంటాయన భార్యకి ఫోన్ చేశాడు. ఫోన్ వెనక సీటులో, రొట్టెల సంచీలో మోగింది.

మేనమామ దిగి వెనక సీటులోకి తొంగి చూశాడు. "నా సర్వీసు మొత్తంలో ఒక్క ప్యాసింజర్ని వదిలి రాలేదురా. లెక్కపెట్టాను. సంచులున్నాయి కదా, అమ్మాయి ఉన్నట్టేననుకున్నాను."

తక్కినవాళ్ళూ అలాగే అనుకున్నారు.

తిరిగి గుహ దగ్గరికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. మెట్ల కింద ఎవరూ లేరు. కార్లు ఆపే చోట కాపలాదారు గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"మా ఆవిడ ఇక్కడ ఉండిపోయింది. చూశారా?"

"చాలామంది వచ్చారు సార్. ఎలా ఉంటారు?"

"మామూలుగా."

"పొడుగా, పొట్టా?"

"సరిపడా ఉంటుంది."

"ఏ రంగు బట్టలు వేసుకున్నారు?"

ఊళ్ళో సగం మందికి చొక్కాల రంగులు చెప్పిన మనిషి కూతురి వైపు చూశాడు. కూతురు నానమ్మ వైపు చూసింది. నానమ్మ ఆకాశం వైపు చూసింది.

"పోనీ ఫొటో ఉందా సార్?"

ఈ ప్రశ్నకి ఇంటాయనకి కొంత ధైర్యం వచ్చింది. "ఫొటోలకేం తక్కువ? నేను ఫొటోగ్రాఫర్ని" అని కెమెరా తెరిచాడు. సరస్సు. సరస్సు పక్కన తల్లి. ఒక టోపీలో కూతురు. ఇంకో టోపీలో కూతురు. కొండని తనే కట్టించినట్టు దాని వైపు వేలు చూపిస్తున్న మేనమామ. పువ్వు మీద పురుగు. ఆ పురుగే ఇంకో వైపు నుంచి. ఎంత వెతికినా ఆవిడ లేదు. చివరికి ఒక ఫొటో అంచున ఎవరిదో మోచెయ్యి, దానికి వేలాడుతూ ఒక సంచీ కనిపించాయి.

"ఇదే. ఈ మోచెయ్యి మా ఆవిడదే" అన్నాడు ఇంటాయన.

కాపలాదారు ఆ ఫొటోని శ్రద్ధగా చూశాడు. "మోచేతిని బట్టి వెతకడం కష్టం సార్" అన్నాడు. వెక్కిరింతగా కాదు, జాలిగానే అన్నాడు. ఆ జాలి ఇంటాయనకి చెంపదెబ్బలా తగిలింది.

చెప్పులు ఎక్కడ పడితే అక్కడ విడిచి అందరూ మెట్లెక్కారు. కర్ర లేకపోయినా తల్లి కూడా, మనవరాలి భుజం పట్టుకుని, ఈసారి మోకాళ్ళ ఊసెత్తకుండా ఎక్కింది.

గుహలో దీపాలు వెలుగుతున్నాయి. గోడ పొడుగునా బుద్ధుడు, చెంప కింద చెయ్యి పెట్టుకుని, పని ముగించుకున్న మనిషిలా పడుకుని ఉన్నాడు. ఆయన ఎదురుగా నేల మీద ఇల్లాలు కూర్చుని ఉంది. ఒళ్ళో అత్తగారి కర్ర, చేతిలో వేడి టీ కప్పు. పక్కనే ఆ గుడి చూసుకునే ముసలి సన్యాసిని.

ఇంటాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. దీపం వెలుగు భార్య చెంప మీద పడుతోంది. ఆవిడ లేతాకుపచ్చ బట్టలు వేసుకుంది. ఆ ముఖంలో తొందర లేదు. ఎంతోమంది ముఖాల్ని దీపాల ముందు నిలబెట్టిన ఆ మనిషి ఇలాంటి ముఖం తన ఇంట్లో ఉందని అప్పుడే చూశాడు. మెడలో కెమెరా ఉన్నా దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"అమ్మా" అంటూ కూతురు వెళ్ళి మీద పడింది. మేనమామ చేతులు జోడించాడు. "తప్పయిపోయింది తల్లీ. దారి మధ్యలో వదిలేశాను."

"దారి మధ్యలో కాదు మామయ్యగారూ. నేను దిగాల్సిన స్టేజీలోనే దింపారు."

"భయపడ్డావా?" అన్నాడు ఇంటాయన.

"మొదట భయమేసింది. కారు మలుపు తిరగడం పైనుంచి చూశాను, కేకేశాను. తరవాత ఏం చెయ్యాలో తోచలేదు. చూస్తే చేతిలో ఈ కర్ర తప్ప ఏమీ లేదు. చేతులు ఇంత ఖాళీగా ఉండి ఎన్నాళ్ళయిందో. సరే అని లోపలికి వచ్చాను." ఆవిడ టీ చివరి గుక్క తాగింది. "మీరు ఇంత త్వరగా వస్తారనుకోలేదు" అంది. ఆ గొంతులో కాస్త నిరాశ ధ్వనించిందని ఒప్పుకోక తప్పదు.

సన్యాసిని అందరినీ కూర్చోమంది. వాన పెద్దదైంది గనక కూర్చోక వాళ్ళకి దారీ లేదు.

"ఈ అమ్మాయి లోపలికి రాగానే నన్ను ఏమడిగిందో తెలుసా?" అంది ఆమె ఇంటాయనతో. "'ఇక్కడ కూర్చోవచ్చా, ఎవరికైనా అడ్డమా' అని అడిగింది. ఇంత పెద్ద గుహలో ఒక మనిషి కూర్చుంటే ఎవరికి అడ్డం నాయనా?"

ఇంటాయన తల దించుకున్నాడు.

"నేను చాలాకాలంగా ఇక్కడ ఉంటున్నాను. కుటుంబాలు వస్తాయి, దండాలు పెడతాయి, మనసుకి హాయిగా ఉందంటాయి. ఆ హాయికి కాపలా కాస్తూ మెట్ల కింద ఒకరు ఉండిపోతారు. ఎప్పుడు చూసినా ఇంటి ఆడమనిషే. మీరెవరూ చెడ్డవాళ్ళలా కనపడటం లేదు. మనిషిని మాయం చెయ్యడానికి చెడ్డతనం అక్కర్లేదు, అలవాటు చాలు. చేసేవాళ్ళు చెప్పకపోవడం నోరు లేక కాదు, అడిగేవాళ్ళు లేక."

తల్లి మెల్లగా కోడలి పక్కకి జరిగి కూర్చుంది. "మీ మామగారున్న రోజుల్లో నేనూ ఎన్నో గుళ్ళకి వెళ్ళాను. ఒక్క గుడీ గుర్తులేదు. మెట్లే గుర్తున్నాయి" అంది. ఆ మాట ఆవిడ ఎవరితోనూ ఎన్నడూ అనలేదు.

వాన వెలిసింది. జలపాతం దగ్గరికి వెళ్ళేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఈసారి సంచుల దగ్గర తను కూర్చుంటానన్నాడు ఇంటాయన. ఇల్లాలు కూతురి చెయ్యి పట్టుకుని ముందుకి వెళ్ళింది. ఆయన ఒక బండ మీద హాయిగా కాళ్ళు చాపాడు. వెంటనే "ఒరేయ్, నీళ్ళు" అంది తల్లి. నీళ్ళిచ్చి కూర్చుంటే "నాన్నా, తువ్వాలు" అని కూతురు పరుగెత్తుకొచ్చింది. తువ్వాలు వెతుకుతుంటే మేనమామ ఉన్ని టోపీ అడిగాడు. తువ్వాలు కోసం సంచీ మొత్తం గుమ్మరిస్తే, ఒక గుడ్డు దొర్లుకుంటూ పోయి వాగులో పడింది. జలపాతం హోరు వినిపిస్తోంది గాని, అడ్డంగా ఉన్న బండ వల్ల కనిపించడం లేదు. "నేనింకా చూడలేదు" అని ఆయనకి నోటిదాకా వచ్చింది. ఆ మాట పొద్దున ఎవరన్నారో గుర్తొచ్చి మింగేశాడు.

కాసేపటికి మేనమామే వచ్చి పక్కన నిలబడ్డాడు. "లేవరా. డ్యూటీ మార్పు. నేను కూర్చుంటాను, నువ్వెళ్ళి చూసిరా. నా తరవాత మనవరాలు."

ఇంటాయన వెళ్ళేసరికి ఇల్లాలు నీటి తుంపరలో తడిసి నవ్వుతోంది. ఆయన వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ చాలాసేపు అలాగే నిలబడి నీళ్ళకేసి చూశారు.

అయ్యా, అమ్మా, ఈ కుటుంబం రాత్రికి రాత్రి మారిపోయిందని నేను చెప్పను. మర్నాడు కూడా ఇంటాయన కూర్చున్న చోటి నుంచే మంచినీళ్ళు అడిగాడు. కాకపోతే అడిగాక ఒక క్షణం ఆగి, లేచి తనే తెచ్చుకున్నాడు. మార్పు అంత చిన్నగానే మొదలవుతుంది. మీరూ ఈ సెలవులకి ఎక్కడికైనా బయలుదేరుతుంటే, బండి కదిలేముందు వెనక సీటు వైపు ఒకసారి తిరిగి చూడండి. ఇంటిల్లిపాదికీ సెలవైతేనే అది విహారయాత్ర. ఒక్కరికి పని మిగిలిపోయినా, ఆ మనిషికి మనం చూపించింది లోకాన్ని కాదు, ఇంకో వంటింటిని.