ఇరవైనాలుగో గంట

పొద్దున్నే లేచి వోర్షిల చేసే మొదటి పని గడియారం బరువులు పైకి లాగడం. రెండోది, పళ్ల చక్రాలకి బాతు కొవ్వు రాయడం. ఆ తరవాత మెట్ల మీద పావురాలు చేసిన కంగాళీ కడుగుతూ వాటిని నోరారా తిట్టుకునేది. మొగుడున్నన్నాళ్లూ ఇవన్నీ అతని పనులే. అతను పోయాక ఆ యంత్రం ఇంకెవరికీ లొంగలేదు. పట్నం పెద్దలు గొణుక్కుంటూనే గడియారపు బురుజు తాళాలు ఆవిడ చేతికిచ్చారు.

వ్లతవా నది ఒడ్డున ఉన్న ఆ పాత పట్నంలో రోజు పొద్దు గుంకడంతో ముగిసేది. ముల్లు ఇరవైనాలుగు మీదికి వచ్చేది, గంట మోగేది, అప్పుడు పెత్రీన్ కొండ వెనక సూర్యుడు దిగేవాడు. గంట మోగకుండా ఆయన దిగిన రోజు లేదు. అందుకే ఆడవాళ్లకి వోర్షిలతో అవసరం ఎక్కువ.

"వోర్షిలమ్మా, దుప్పట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. కాస్త పట్టుకోవూ!" అని కింద నుంచి కేకేసేవాళ్లు.

"రోజూ నీ దుప్పట్లేనా? పొద్దున్నే ఉతుక్కోడానికి ఏం రోగం?" అని ఆవిడ పైనుంచి తిట్టి, పెద్ద చక్రం ఆకులు రెండు చేతులా పట్టుకునేది. కొండ మీద సూర్యుడు నిలబడిపోయేవాడు. దుప్పట్లు ఆరేవి. ఆవిడ వదిలేది. మర్నాడు గుమ్మంలో నాలుగు గుడ్లో, జున్నుముక్కో ఉండేది. చెక్క అడ్డం పెడితే చక్రం నుగ్గు చేసేసేది, మనిషి చేతులే పట్టాలి. అందుకని ఎవరూ మరీ ఎక్కువసేపు అడిగేవాళ్లు కాదు.

వోర్షిలకి పిల్లల్లేరు. ఉన్నదల్లా తమ్ముడు బ్లాజేయ్. తల్లి పురిట్లోనే పోతే, రొట్టె నమిలి వాడి నోట్లో పెట్టి పెంచింది. వాడికి పెళ్లామూ, ఓ చంటిపిల్లా. తాపీపనిలో దిట్ట, నోట్లో ఎప్పుడూ పాటే. కానీ కోపం వస్తే మనిషి కాడు. జాన్ పునీతుడి పండగ ముందు, సారా కొట్లో పాచికల దగ్గర మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న రాతి సుత్తితో ఎదుటివాణ్ణి ఒక్కటిచ్చాడు. వాడు మళ్లీ లేవలేదు. తప్పు బ్లాజేయ్‌దే. ఆ మాట వోర్షిల కూడా కాదనలేదు.

పొద్దున తీర్పు చెప్పారు, తల తీసెయ్యమని. తలారి పక్క ఊరికి వెళ్లాడు, వచ్చేసరికి మూణ్ణాలుగు రోజులు పడుతుందన్నారు. కసాయివాళ్ల గుర్రాలు తోలే ప్రోకోప్ అది వినగానే జీను వేశాడు. వోర్షిలని చిన్నప్పట్నుంచీ అత్తా అని పిలిచేవాడతను.

"ఏడవకత్తా. రాజుగారు కుత్నా హోరాలో ఉన్నారు. అక్కడ గుడి కట్టడానికి తాపీవాళ్లు దొరక్క జుట్టు పీక్కుంటున్నారట. కాళ్లు పట్టుకుని క్షమాపణ పత్రం పట్టుకొస్తా. రేపు మధ్యాహ్నానికల్లా నీ ముందుంటా," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

అతను కోట గుమ్మం దాటిన కాసేపటికే తలారి ఊళ్లోకి దిగాడు, మావగారితో పోట్లాడి ముందే వచ్చేశాట్ట. ఏం చెయ్యాలి! "అయితే ఇంకా ఆలస్యం ఎందుకు? ఇవాళ ఇరవైనాలుగో గంటకే కానిచ్చెయ్యండి," అన్నారు పెద్దలు.

సాయంత్రం గడియారం కింద బల్లలు వేసి, బ్లాజేయ్‌ని గుంజకి కట్టి, పక్కన మొద్దు పెట్టారు. వోర్షిల పైకెక్కి తలుపు గడియ వేసుకుంది. ముల్లు ఇరవైనాలుగుకి వెంట్రుకవాసిలో ఉండగా చక్రం పట్టుకుంది.

సూర్యుడు ఆగిపోయాడు. కింద జనం గొల్లున నవ్వారు. తలారి మొద్దు మీద కూర్చుని ఉల్లిపాయా రొట్టే తీసి తినసాగాడు. న్యాయాధికారి పైకీ కిందకీ చూసి, "గంట మోగాలని తీర్పులో రాశాను. మోగలేదు. నేనేం చెయ్యను!" అని నీడలోకి జరిగాడు.

"అక్కా, చేతులు నెప్పెడుతున్నాయా? మెల్లిగానే కానీ, నాకేం తొందర్లేదు!" అని అరిచాడు బ్లాజేయ్. జనం ఇంకా నవ్వారు. దుప్పట్ల ఆవిడ పైకొచ్చి తలుపు కొడితే వోర్షిల కాలితో గడియ తీసింది. ఆవిడ వోర్షిల నోట్లో రొట్టె ముక్కలు పెట్టింది. "పట్టుకో తల్లీ, ఎన్నిసార్లు పట్టుకోలేదూ నువ్వు మాకోసం," అంది. ఆ మాటకి వోర్షిలకి కళ్లనీళ్లు తిరిగాయి.

ప్రోకోప్ వెళ్లి రావడానికి పట్టేంత సేపు గడిచింది. రాలేదు. దారిలో గుర్రానికి లాడం ఊడి ఉంటుందనుకుంది. మరో అంత సేపు గడిచింది.

అప్పుడు గుత్తేదారు జిక్మండ్ వేయించిన బాతు పట్టుకుని స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. వంతెన బురుజు కట్టిస్తున్నది అతనే. బ్లాజేయ్ జట్టంతా అతని దగ్గరే కూలి.

"నీ చెయ్యి చల్లగా ఉండ వోర్షిలమ్మా! గోడ రెండు నిలువులు లేచింది, ఒక్క రోజు కూలికి! ఇలాగే పట్టుకో. ఆదివారం దాకా పట్టుకున్నా నేనేమీ అనుకోను," అన్నాడు.

అతని మొహాన ఉమ్మేద్దామనుకుంది. కానీ ఓపిక కావాలి కదా, అతను అందించిన తొడ కొరుక్కుని తింది.

ఆ పట్నంలో ఒక రోజు కూలంటే ఇరవైనాలుగో గంట మోగేదాకా పని. గంట మోగకుండా పనిముట్టు కింద పెట్టినవాడికి ఆ రోజు కూలి మొత్తం పోతుంది. ఇంత పొడుగు రోజు చేసి, చివర్లో కూలి ఎవడు పోగొట్టుకుంటాడు? రాళ్లూ సున్నం మోశారు, ఇంకా మోశారు. కళ్లు మూసుకుని మోశారు. ఒకడు పరంజా మీద నిద్రపోయి నదిలో పడ్డాడు, తేలలేదు. ఎండకి బీరు పులిసిపోయింది. కోళ్లు గూట్లోకి వెళ్లక వీధుల్లో పిచ్చెక్కినట్టు తిరిగాయి. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి గొంతులు పోయాయి. దుప్పట్ల ఆవిడ పైకి రావడం మానేసింది.

సున్నం బుట్టలతో ఆ వీధినే పోతూ బ్లాజేయ్ స్నేహితులు మొదట అతనికి నీళ్లు తాగించారు. తరవాత పలకరించడం మానేశారు. చివరికి ఒకడు సున్నపు గడ్డ తీసి గురి చూసి విసిరాడు.

"చావరా బ్లాజేయ్! మేం పడుకోవాలిరా!"

బ్లాజేయ్ మొహం మీద నెత్తురు కారింది. "ఒరేయ్, నేన్రా! మీ బ్లాజేయ్‌నిరా!" అన్నాడు. ఇంకో గడ్డ వచ్చి తగిలింది. తలారి అడ్డం చెప్పలేదు, అతనికీ నిద్ర లేదు మరి.

వోర్షిల అంతా చూస్తూనే ఉంది. అరచేతుల తోలు ఊడి చక్రానికి అంటుకుపోయింది. కోట గుమ్మం వైపు దుమ్ము లేస్తుందేమోనని చూసి చూసి కళ్లు మండిపోతున్నాయి.

తలుపు చప్పుడైంది. "నేను వదినా, ఓఫ్కాని." బ్లాజేయ్ భార్య. ఆ అమ్మాయీ సున్నం మోస్తున్నదే. వోర్షిల కాలితో గడియ తీసింది. ఓఫ్కా లోపలికొచ్చి, వీపుకి కట్టుకున్న చంటిదాన్ని విప్పి ముందు పెట్టింది.

"వదిలెయ్ వదినా."

"ప్రోకోప్ వస్తాడే."

"ఎప్పుడు?"

"వస్తాడన్నానా! నీకేమైనా మతి పోయిందా? వాడు నీ మొగుడే!"

"నాకు తెలీదా? ఆయన కోసమే ఇంతసేపూ నోరు మూసుకున్నా. పాలింకిపోయాయి వదినా. ఇది ఏడవడం కూడా మానేసింది, చూడు. దీనికి రాత్రి కావాలి. చల్లబడాలి. రేపు రానియ్ వదినా, నీకు దణ్ణం పెడతా," అని ఓఫ్కా నేల మీద కూలబడింది.

వోర్షిల పిల్ల మొహం చూసింది. కళ్లు సగం తెరిచి, పెదాలు ఎండిపోయి, పిల్ల కదల్లేదు. ఓఫ్కా కిటికీ పట్టుకుని లేచింది.

కింద బ్లాజేయ్‌కి కిటికీలో భార్య తల కనిపించింది. వాడికి అర్థమైపోయింది.

"అక్కా! వదలకే! దాని మాట వినకే అక్కా! నాకు భయమేస్తోందే! నే చచ్చిపోతానే!"

చిన్నప్పుడు చీకట్లో దొడ్లోకి వెళ్లమంటే సరిగ్గా ఆ గొంతుతోనే ఏడ్చేవాడు. వోర్షిల కిటికీ వైపు తిరగలేదు. తిరిగితే వదల్లేనని తెలుసు. చేతులు తీసేసింది.

చక్రం తిరిగింది. గంట మోగింది. సూర్యుడు కొండ వెనక్కి ఒక్కసారిగా పడిపోయాడు. చీకటి చూసి జనం ఆనందం పట్టలేక కేకలేశారు, ఆ కేకల్లో గొడ్డలి చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఎక్కడివాళ్లక్కడ పనిముట్లు పారేసి ఒరిగిపోయారు. ఆ రాత్రి ఊరంతా ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. బ్లాజేయ్ దగ్గర కుక్కలు తప్ప కాపలా ఎవరూ లేరు. వోర్షిల కూడా పడుకుంది. నిద్ర పట్టింది కూడా. ఆ పాడు నిద్ర ఎలా పట్టిందా అని తరవాత ఎన్నేళ్లు తల బాదుకుందో!

మర్నాడు పొద్దున్నే పాతిపెట్టారు. ఓఫ్కాకి కాసిని పాలు వచ్చాయి, పిల్ల తాగింది. వోర్షిల చేతులకి గుడ్డలు చుట్టుకుని బరువులు పైకి లాగింది.

మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడు చేసుకుంటూ ప్రోకోప్ వచ్చాడు. ఒళ్లంతా బురద, మొహం వెలిగిపోతోంది.

"అత్తా! వేసేశారు ముద్ర!" అని ఎర్ర మైనం ముద్రతో ఉన్న కాగితం ఆవిడ ఒళ్లో పెట్టాడు. "రాజుగారు బంగారంలాంటి మనిషి! నేను వెళ్లేసరికి భోజనంలో ఉన్నారు. ఒక్క మాటకే ఒప్పేసుకున్నారు, తెలుసా! కానీ తిన్నాక ముద్ర ముట్టుకోరట, తెల్లారి రమ్మన్నారు. సరే, తెల్లారడమెంత, తలారి రావడానికి ఇంకా గడువుందిగా అని గుమ్మం దగ్గర కూర్చున్నా. తెల్లారితేనా! అసలు పొద్దే గుంకదే! నిద్దరోయా, లేచా, మళ్లీ నిద్దరోయా. ఆ సూర్యుడు అక్కడే! ఇన్నాళ్లకి తెల్లారింది, పిలిచి ముద్ర వేసి కొత్త గుర్రం కూడా ఇచ్చారు."

వోర్షిల కాగితం వైపు చూస్తోంది.

"గుత్తేదార్లు పట్టించారు కదూ నీ చేత? ఒక్క కూలికి పదిరోజుల పని చేయించుకోడానికి! వాళ్ల గోడలు కూలిపోనూ! అయ్యో, చేతులు చూడు ఎలా అయ్యాయో! ఏడీ బ్లాజేయ్? ఇంకా చెరలోనే ఉంచారా వాణ్ణి?"

"ఎవరూ పట్టించలేదురా," అంది వోర్షిల. "నువ్వు వచ్చేదాకా వాణ్ణి ఉంచుదామని నేనే పట్టుకున్నా."